నాలుగో ఇంజెక్టర్

బ్యాటరీలు నిండడానికి ఇంకో గంట పడుతుందన్నాడు వాల్‌ఫ్రిడ్. అని, కాఫీ కప్పు ఎడమ చేత్తో అందుకుని షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు నా మొగుడు, నావైపు కాదు, రోడ్డువైపు చూస్తూ. ఐదు నెలలు ఆగినదాన్ని ఇంకో గంట ఆగలేనా అనుకున్నాను గాని చేతులు ఊరుకోవడం లేదు, తుడిచిన స్పానరునే మళ్ళీ తుడుస్తున్నాను, లెక్కపెట్టిన బోల్టులనే మళ్ళీ లెక్కపెడుతున్నాను. ఎదురుగా దుంగల లారీ బానెట్ ఎత్తుకుని నిలబడి ఉంది. దాని కడుపులో ఆరు సిలిండర్ల పాత రెండు స్ట్రోకుల డీజిల్ ఇంజను, నేను ఊడదీసి నేనే బిగించినది, ఇరవయ్యారేళ్ళు బడి వంటింట్లో రొట్టెలు కాల్చిన ఈ హెల్వి బిగించినది. వింటే ఎవరైనా నవ్వుతారు. ఊళ్ళో నవ్వారు కూడా. వాల్‌ఫ్రిడ్ కుడిచేతికి బొటనవేలూ చూపుడువేలూ మాత్రమే మిగిలాయి కాబట్టి అతను బోర్లించిన పెట్టె మీద కూర్చుని చెప్పడం, నేను చెయ్యడం, చలికాలమంతా ఇదే మా సంసారం. సిలిండర్ల లోపల తొడిగే ఆరు లైనర్లు, వాటి నడుము చుట్టూ గాలి దూరడానికి వరసగా కన్నాలు, ఆ కన్నాల అంచుకి తగిలి రింగు విరక్కుండా పిస్టన్ని నూనెలో ముంచి ఊపిరి బిగబట్టి లోపలికి దించడం. "మెల్లగా, అది నీ రొట్టెపిండి కాదు" అంటాడు. "పిండే నయం, చెప్పిన మాట వింటుంది" అంటాను. నవ్వేవాడు. రెండేళ్ళలో అతను నవ్వింది ఈ షెడ్డులోనే, అదీ నా మొహాన మసి అంటినప్పుడే, ఆ నవ్వు పోతుందనే నేను నోరు మూసుకున్నానేమో, ఏమో, ఇప్పుడు ఆ ఆలోచన వద్దు, బ్యాటరీ సూది ఎంతవరకు వచ్చిందో చూడాలి. సగం దాటింది.

బయట ఏప్రిల్ ఎండ. షెడ్డు నీడలో పేరుకున్న మంచుదిబ్బ నల్లబడి కరుగుతోంది, చూరు నించి చుక్కలు పడుతున్నాయి, ఒక్కో చుక్కా రేకుడబ్బా మీద టక్ మని, టక్ మని, ఎవరో నాలాగే లెక్కపెడుతున్నట్టు. మంచు కరిగే రోజుల్లో రోడ్లు మెత్తబడతాయని బరువు బళ్ళని ఎక్కనివ్వరు, మే రెండో వారంలో తెరుస్తారు, తెరిచిన రోజున లారీ అడవికి వెళ్ళి తీరాలని వాల్‌ఫ్రిడ్ పట్టుదల. వెళ్ళకపోతే? వెళ్ళకపోతే మళ్ళీ కిటికీ దగ్గర కుర్చీ. రెండు చలికాలాలు ఆ కుర్చీలోంచి సరస్సుకేసి చూశాడు, అవతలి ఒడ్డు కనపడని ఆ నీళ్ళకేసి, పలకరిస్తే తలకూడా తిప్పకుండా. వేట తుపాకుల బీరువా తాళంచెవి నేను పిండిడబ్బాలో దాచాను, అతను ఒక్కసారీ అడగలేదు, అడగకపోవడమే నాకు భయం. నవంబర్లో ఒక పొద్దున్న ఉన్నట్టుండి, "హెల్వీ, నీ చేతులు అరువిస్తావా?" అన్నాడు. ఇచ్చాను. పెళ్ళయిన ముప్ఫై నాలుగేళ్ళలో అతను నన్ను అడిగి తీసుకున్నది అదొక్కటే. ఇవాళ ఆ ఇంజను తిరగాలి. తిరగడమే కాదు, ఆగాలి. ఈ జాతి ఇంజనుతో అసలు గండం ఆగడంలోనే ఉంది. ఆరు ఇంజెక్టర్లకీ డీజిల్ కొలిచి ఇచ్చే పళ్ళకడ్డీలు, ర్యాకులంటారు, ఆరూ ఒకే గొట్టానికి కట్టిపడి ఉంటాయి. అందులో ఒక్కటి బిగదీసుకుపోయిందా, ఆరూ పట్టేస్తాయి, డీజిల్ ధారగా పడుతూనే ఉంటుంది, తాళం తిప్పినా వినదు, వేగం పెరిగి పెరిగి తనను తాను చీల్చుకునేదాకా పోతుంది. అప్పుడు దానికి ఒకటే మందు. గాలి మూసెయ్యడం. గొంతు నొక్కెయ్యడం.

ఆ రోజు చూశాను కదా. రెండున్నరేళ్ళ కిందటి అక్టోబరు, ఆకులన్నీ రాలి అడవి బోడిగా ఉంది, మధ్యాహ్నానికి మాంసం కూరిన వేడి పేస్టీలు కాల్చి పాత పత్రికలో చుట్టి పట్టుకెళ్ళాను. నేను వెళ్ళేసరికి వాల్‌ఫ్రిడ్ బానెట్ దించుతున్నాడు, పనిముట్ల పెట్టె నేలమీద తెరిచి ఉంది, మోచేతులదాకా నూనె. ఏమైందంటే, "ఏం లేదులే, చిన్న సర్దుబాటు" అన్నాడు. ఎక్కి బటన్ నొక్కాడు. మామూలుగానే అది అరిచే ఇంజను, మైలు దూరం నించి వాల్‌ఫ్రిడ్ వస్తున్నాడని చెప్పెయ్యొచ్చు, కాని ఆ రోజు ఆ అరుపు పైకెక్కింది, ఎక్కుతూనే ఉంది, పొట్లం పట్టుకున్న నా వేళ్ళ ఎముకలు సన్నగా వణికేంత. అతను దూకాడు, బానెట్ ఎత్తాడు, గాలి గొట్టం పీకాడు, కాలికింద దొరికిన చెక్కపలక తీసి ఇంజనులోకి గాలి ఊదే బ్లోయర్ నోటికి అదిమాడు. ఆ నోటికి కంపెనీవాళ్ళు ఇచ్చిన మూతరేకు ఒకటుండేది, గలగలలాడుతోందని అతనే ఎప్పుడో ఊడబెరికాడు. పలక పెళుక్కున విరిగింది. ఆ తర్వాత రెండు క్షణాలు. పలక ముక్కల్నీ, తోలు గ్లవ్వునీ మింగి ఇంజను ఆగింది. గ్లవ్వులో వేళ్ళున్నాయి. ఎంత నిశ్శబ్దమో అప్పుడు. పేస్టీల పొట్లం నా చేతిలోనే ఉంది, ఇంకా వేడిగా, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక, కింద పెడితే మట్టవుతుందని ఆలోచించాను, నిజంగా ఆలోచించాను, మనిషి బుర్ర ఎంత పాడుది. ఆసుపత్రిలో కళ్ళు తెరిచి అతనన్న మొదటి మాట, "ఇంజెక్టర్లు బిగించింది మీ తమ్ముడే కదా."

మా తమ్ముడు ఆర్మస్. ఊరికంతటికీ ఒకే మెకానిక్. సరిగ్గా వారం ముందు ఆరు ఇంజెక్టర్లూ వాడే మార్చాడు, నిజమే. ఊరు చిన్నది, ఆ మాట చేతివేళ్ళ కథతో పాటు ఇంటింటికీ తిరిగింది. ఎవరూ వాణ్ణి నిలదియ్యలేదు, మా వాళ్ళు నిలదియ్యరు, ఊరికే బళ్ళు వేరే ఊరికి తోలుకుపోయారు. ఏడాది తిరక్కుండా వాడి షెడ్డుకి తాళం పడింది. ఇప్పుడు రోడ్ల శాఖలో మంచు తోసే బండి నడుపుతాడు. చర్చిలో ఆఖరి బల్ల మీద కూర్చుంటాడు, ప్రార్థన అయ్యాక కింద గదిలో అందరూ కాఫీలు తాగుతుంటే వాడు టోపీ పెట్టుకుని వెళ్ళిపోతాడు. ఒక్కసారి, ఒక్కసారే, మా గుమ్మం దాకా వచ్చి, "అక్కా, నేను లెక్క ప్రకారమే బిగించాను" అన్నాడు. వాల్‌ఫ్రిడ్ లోపల్నించి, "లెక్క నా చేతిమీద కనపడుతోంది" అన్నాడు. ఆర్మస్ వెళ్ళిపోయాడు. నేను కాఫీ తాగి వెళ్ళమని కూడా అనలేదు. కాఫీ తాగమనకుండా మా ఇంటినించి ఎవర్నీ పంపలేదు, పోస్టు మనిషిని కూడా.

"వస్తున్నాడు" అన్నాడు వాల్‌ఫ్రిడ్.

రోడ్డు మలుపులో వాడి పికప్ బండి. మొదటిసారి తిప్పాలంటే ముగ్గురుండాలి, బటన్ దగ్గర ఒకరు, వేగాన్ని అదుపులో పెట్టే గవర్నరు మీది ఆపే లివర్ దగ్గర ఒకరు, గాలి నోటి దగ్గర ఇనపరేకు పట్టుకుని ఒకరు. మొన్న నేను అడిగాను, మూడోవాళ్ళెవరని. కిటికీలోంచి చూస్తూ, "ఎవర్నైనా పిలు" అన్నాడు. ఆ 'ఎవర్నైనా' అన్న మాటకి ఈ చుట్టుపట్ల ఒకే మనిషి ఉన్నాడని మా ఇద్దరికీ తెలుసు. ఫోను చేస్తే వాడి వంటింట్లో రేడియో వినపడుతోంది, దాని గొంతు తగ్గించి ఆర్మస్, "బావే రమ్మన్నాడా?" అన్నాడు. అవునన్నాను. ఇప్పుడు బండి దిగి బురద చూసుకుంటూ వస్తున్నాడు, జుట్టు బాగా నెరిసిపోయింది, నాకన్నా తొమ్మిదేళ్ళు చిన్నవాడు, చిన్నప్పుడు ఆవిరిస్నానాల సౌనాలో వేడికి ఏడుస్తుంటే నేనే ఎత్తుకుని బయటి మంచులో కూర్చోబెట్టేదాన్ని.

"బాగున్నావా బావా."

"ఆఁ. రోడ్డెలా ఉంది?"

"బురద."

అంతే. రెండేళ్ళకి అంతే. ఆర్మస్ ఇంజను చుట్టూ తిరిగాడు, వేలితో ఇక్కడా అక్కడా తాకుతూ, వాడి వెనకే నేను. పైన వాల్వులమూత ఇంకా బిగించలేదు, వాడు చూడాలనే తీసి ఉంచాను. వంగి ర్యాకులు కట్టిన గొట్టాన్ని చూపుడువేలితో మెల్లగా ఎత్తి వదిలాడు. దాని బరువుకి అదే జారి పడింది. మళ్ళీ ఎత్తాడు, వదిలాడు. పడింది. ఒక్కో ర్యాకునీ చూసుకుంటూ వెళ్ళి నాలుగోదాని దగ్గర ఆగాడు, లేక ఆగాడని నాకే అనిపించిందో.

"ఇవన్నీ ఎవరు బిగించారు?"

"నేనే."

"మంచి చెయ్యక్కా నీది. ఎంత కావాలో అంతే బిగించావు." వెనక్కి తిరిగి చూడకుండా, "బడిపిల్లలకి ఉప్పు కూడా ఇలాగే వేస్తే బాగుండేది" అన్నాడు.

వాల్‌ఫ్రిడ్ ముక్కుతో నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. ఎందుకంటే అప్పుడే ఆర్మస్ కోటు జేబులోంచి చిన్న పసుపురంగు సీసా తీశాడు, గోళ్ళరంగు సీసా అంత, మూతకి కుంచె. లెక్క ప్రకారం బిగిసిందని చేత్తో చూసుకున్న ప్రతి నట్టుకీ వాడు ఒక పసుపు చుక్క పెడతాడు, కుర్రప్పటినించీ అలవాటు, చుక్క లేకపోతే వాడికి నిద్ర పట్టదు. ఒకటో ఇంజెక్టర్ నట్టుకి చుక్క. రెండు. మూడు. నాలుగు. నా కళ్ళముందు నవంబరు తిరిగింది. ఆ మూత నేను మొదటిసారి ఎత్తిన పొద్దుట, వాల్‌ఫ్రిడ్ ఇంట్లో మందులు వేసుకుంటున్నాడు, షెడ్డులో నేనొక్కదాన్నే, ఒకటికి పసుపుంది, రెండుకి ఉంది, మూడుకి ఉంది, ఐదుకి ఉంది, ఆరుకి ఉంది. నాలుగోది బోడిగా ఉంది. దాన్ని విప్పడానికి నా బలం చాల్లేదు, స్పానరు కాడకి పైపు తొడిగి రెండు చేతులా వేలాడితే గాని కదల్లేదు. అంత బిగిస్తే ఇంజెక్టర్ ఒళ్ళు నొక్కుకుని లోపల ర్యాక్ పట్టేస్తుందని అప్పటికి నాకు తెలియదు, తర్వాత పెట్టె మీద కూర్చుని వాల్‌ఫ్రిడ్డే చెప్పాడు, "చూసి బిగించు, ఎక్కువైతే పట్టేస్తుంది" అని, మామూలు గొంతుతో, నా మొహంలోకి చూడకుండా. ఆ తెరిచి ఉన్న పనిముట్ల పెట్టె. ఆ చిన్న సర్దుబాటు. నేను ఆరు నట్లూ కిరసనాయిలు పళ్ళెంలో వేసి బ్రష్షుతో రుద్దాను. పసుపు కరిగి పోయింది. ఎందుకు రుద్దానంటే అన్నీ శుభ్రం చెయ్యమన్నాడు కాబట్టి. కాదు. ఎందుకు రుద్దానో నాకు తెలుసు. కిటికీ దగ్గర కుర్చీ, పిండిడబ్బాలో తాళంచెవి. ఆర్మస్‌కేం, ఆరోగ్యంగా ఉన్నాడు, ఉద్యోగం ఉంది, తట్టుకుంటాడు అనుకున్నాను. తట్టుకోగలిగినవాడి మీదే బరువు పెడతాం, ఇంట్లో ఎప్పుడూ అంతే, అమ్మ కూడా నా మీద అలాగే పెట్టింది.

ఐదు. ఆరు. చుక్కలు పెట్టి సీసా జేబులో వేసుకుని మూత బిగించాడు. "సూది నిండింది" అన్నాడు వాల్‌ఫ్రిడ్. ఇంకా గంట కాలేదు, ఎలా నిండింది, గంటయిందా? అతను ఎడమ చేత్తో పట్టుకుని లారీ ఎక్కాడు, ఎక్కేటప్పుడు ఒకసారి జారాడు, ఆ సంగతి నేనూ ఆర్మస్ చూడనట్టే ఉన్నాం. రెండేళ్ళలో మొదటిసారి ఆ సీట్లో కూర్చోవడం. నేను లివర్ మీద చెయ్యి వేశాను. ఇనపరేకు నేను పట్టుకుంటానని మొన్ననే అనుకున్నాను, నేను బిగించిన ఇంజను, నా చేతులే పోనీ అని, కాని ఆర్మస్ రేకు నా పక్కనించి తీసుకుని బ్లోయర్ నోటి ముందు నిలబడ్డాడు, కాళ్ళు ఎడం చేసి, గ్లవ్వులు విప్పేసి జేబులో కుక్కి. వట్టి చేతులు. ఆ నల్లటి నోటికి జానెడు దూరంలో నా తమ్ముడి వట్టి చేతులు. వాడు చెయ్యని తప్పుకి రెండేళ్ళు మోసి, ఇప్పుడొచ్చి అదే చోట నిలబడ్డాడు. ఏదైనా అయితే? నేను ఏదో మరిచిపోయి ఉంటే? వీడు ఇది తెలియకుండానే, నా నోటినించి వినకుండానే, ఇక్కడ, నా పక్కన.

"సిద్ధమా?" పైనించి వాల్‌ఫ్రిడ్.

"ఆగు" అన్నాను. "నవంబర్లో మూత ఎత్తినప్పుడు ఐదు నట్లకే పసుపుంది. నాలుగోదానికి లేదు. దాన్ని పైపు పెట్టి బిగించారు, పైపు పెట్టే విప్పాను. రంగు నేనే కడిగేశాను."

ఆర్మస్ తల తిప్పి నన్ను చూశాడు. రేకు దించలేదు. అద్దంలోంచి వాల్‌ఫ్రిడ్ మొహం కనపడుతోంది, ఎదురుగా గోడ తప్ప ఏమీ లేని చోటికి చూస్తున్నాడు, రోడ్డు ఉన్నట్టు. చూరు చుక్క టక్ మంది. ఇంకోటి. దిగి ఇంట్లోకి వెళ్ళిపోతాడనుకున్నాను, కుర్చీ దగ్గరికి, ఇంక ఎప్పటికీ లేవడనుకున్నాను, నేనే చంపేశాను అనుకున్నాను. అతను బటన్ నొక్కాడు.

ఇంజను మూలిగింది, తిరిగింది, అంటుకోలేదు. మళ్ళీ. పొగగొట్టంలోంచి తెల్లటి ఆవిరి. ఒక సిలిండరు దగ్గింది, ఇంకోటి అందుకుంది, ఒక్కసారిగా ఆరూ లేచాయి, షెడ్డు రేకులన్నీ అదిరాయి, అరుపు పైకెక్కింది, ఎక్కుతోంది, ఎక్కుతోంది, అదే అరుపు, అదే ఎముకల వణుకు, ఆర్మస్ రేకు ముందుకు తెచ్చాడు, నా చెయ్యి లివర్ని లాగబోయింది, నా చేతి కింద ఆ లివరే సన్నగా కదిలింది, లోపల ఎవరో వెనక్కి లాగినట్టు, నేను కాదు, గవర్నరు, కడ్డీలు జారాయి, ఆరూ కలిసి జారాయి, అరుపు దిగింది, దిగి దిగి ఒకచోట నిలబడింది, గట్టిగా, సమంగా, కోపంగా, కాని నిలబడింది. ఆర్మస్ భుజాలు దిగాయి. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో ఆ చప్పుడులో నాకే వినపడలేదు.

వాల్‌ఫ్రిడ్ దిగాడు. దిగి లారీ ముక్కు చుట్టూ తిరిగి వచ్చాడు, తోసుకుంటూ వస్తున్న మనిషిలా, ఎదురుగాలేమీ లేకపోయినా. ఆర్మస్ ముందు నిలబడ్డాడు. పెదవులు కదిలాయి. ఆ ఇంజను పక్కన నిలబడితే పక్కమనిషి కేక కూడా వినపడదు, అది అతనికి తెలుసు, నలభై ఏళ్ళు తోలినవాడు. నాకేమీ వినపడలేదు. కాని ఆర్మస్‌కి అందింది, వినో, పెదాలు చూసో, వాడి మొహం చూస్తే తెలిసింది, ముసలి మొహం ఉన్నట్టుండి చిన్నపిల్లాడి మొహమైపోయింది. వాడు రేకు నేలమీద పెట్టి, చెయ్యి చాచి, నా చేతి మీదుగా లివర్ లాగేశాడు. ఇంజను ఆగింది. అడిగిన వెంటనే ఆగింది.

"వినపడలేదు బావా" అన్నాడు. "మళ్ళీ చెప్పు."

వాల్‌ఫ్రిడ్ రెండు వేళ్ళ చేతిని కోటులోపలికి దోపుకున్నాడు, తీశాడు. "నాలుగోది పొగ కక్కుతోందని అడవిలో నేనే నట్టుతో సహా మార్చాను" అన్నాడు. "పైపు వేసి బిగించాను. తొందరలో. ఆసుపత్రిలో కళ్ళు తెరిచేసరికే నాకు తెలుసురా. చెయ్యి నాది, తప్పు కూడా నాదే అంటే ఇంక నాకేం మిగులుతుందనుకున్నాను."

"నాకేం మిగిలింది?" అన్నాడు ఆర్మస్.

ఆర్మస్ బావ మొహం చూశాడు. తర్వాత, "ఆదివారం ప్రార్థనయ్యాక కింద గదిలో చెప్పు. కాఫీల దగ్గర. అందరూ ఉన్నప్పుడు, ఇదే గొంతుతో" అన్నాడు. "చెప్తాను" అన్నాడు వాల్‌ఫ్రిడ్. నిలబడే అన్నాడు. కూలిపోలేదు. కూలిపోతాడనే కదా నేను ఇన్నాళ్ళూ. ఆర్మస్ నావైపు తిరిగాడు.

"నవంబరు అన్నావు అక్కా."

"అవును."

"ఇది ఏప్రిల్."

తల ఊపాను. డిసెంబరు, క్రిస్మస్‌కి ఏలకుల రొట్టె కాల్చి వాడి ఇంటికి పంపకుండా ఉన్న పండగ, జనవరి, ఫిబ్రవరి, వాడు మంచు తోసే బండితో మా వాకిలి ముందు తోసి వెళ్ళిన పొద్దులు, నేను కర్టెను వెనక నిలబడ్డ పొద్దులు, అన్నీ వాడు లెక్కపెట్టుకుంటున్నాడు, నేను చూస్తుండగా, ఒక్కొక్కటే. పెట్టుకోనీ. వాడికి ఆ హక్కుంది.

వాడు వంగి రేకు ఎత్తుకున్నాడు. "ఇంకోసారి తిప్పి వేడెక్కనివ్వాలి, వేడి మీద ర్యాకులు మళ్ళీ చూడాలి" అన్నాడు, ఎవరితో అన్నట్టూ కాకుండా, మెకానిక్ గొంతుతో. వాల్‌ఫ్రిడ్ వెళ్ళి లారీ ఎక్కాడు. ఆర్మస్ వచ్చి అదే చోట నిలబడ్డాడు, ఆ నల్లటి నోటికి జానెడు దూరంలో వట్టి చేతులతో, నా మొహం చూడకుండా.

"లివర్ పట్టుకో" అన్నాడు.

పట్టుకున్నాను.